గ్లో ఇంజిన్‌కు ఇంధనం సరిగా అందడం లేదా? ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా వెతికే పద్ధతి

నేల మీద ఇంజిన్ బ్రహ్మాండంగా తిరుగుతుంది. మోడల్ విమానం గాల్లోకి లేచి ముక్కు పైకెత్తగానే శబ్దం సన్నబడుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. దించాక చేయి నేరుగా ఇంధనం పాలు సర్దే సూది మర, అంటే నీడిల్ మీదికే వెళ్తుంది. రెండు క్లిక్కులు తెరిస్తే ఈసారి పొగ కక్కుతూ లేవదు, ఒక క్లిక్కు మూస్తే మళ్లీ ఆగుతుంది. సాయంత్రమంతా ఇలా గడిచిపోతుంది గానీ అసలు లోపం ఉన్నచోటే ఉంటుంది.

నిన్నటిదాకా సరిగ్గా నడిచిన ఇంజిన్ ఈరోజు మొరాయిస్తే నీడిల్ తనంతట తాను చెడిపోలేదు. దాని వెనుక ట్యాంకులోనో, ట్యూబులోనో, కార్బురేటర్ రబ్బరు రింగుల దగ్గరో ఏదో మారింది. అది దొరికేదాకా నీడిల్‌ను ముట్టుకోకండి. ముట్టుకుంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుంటాయి, ఆ తర్వాత ఏది అసలు లోపమో, ఏది మనం చేసిందో తేలదు. ప్రస్తుతం నీడిల్ ఎన్ని చుట్లు తెరిచి ఉందో మూసి లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని, మళ్లీ అక్కడికే తెచ్చి వదిలేయండి.

ఇంధనం ఏ దారిన వస్తుంది

మిథనాల్ ఇంధనాన్ని గ్లో ప్లగ్‌లోని వేడి తీగతో మండించే చిన్న ఇంజిన్నే గ్లో ఇంజిన్ అంటారు. మామూలు గ్లో ఇంజిన్‌లో పంపు ఉండదు. కార్బురేటర్ గొంతులో గాలి వేగంగా పోతున్నప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ లాగుడుకే ఇంధనం వస్తుంది. ఈ లాగుడు బలహీనమైనది. అందుకే సైలెన్సర్ నుంచి ఒక సన్నటి ట్యూబు ట్యాంకు పైభాగంలోకి పోతుంది. పొగ పీడనం ట్యాంకులోని ఇంధనాన్ని వెనుక నుంచి కొంచెం నెడుతుంది. ట్యాంకు లోపల మెత్తటి ట్యూబు చివర క్లంక్ అనే ఇత్తడి బరువు వేలాడుతుంది. విమానం ఎటు ఒరిగితే ఇంధనంతోపాటు అదీ అటే పోతుంది. అక్కడి నుంచి ఇంధనం ట్యాంకు మూతలోని గొట్టం, బయటి ట్యూబు, ఫిల్టర్, నీడిల్ దాటి, కార్బురేటర్ గొంతులో ఉండే స్ప్రే బార్ అనే సన్నటి గొట్టం రంధ్రం గుండా గాలిలో కలుస్తుంది.

ఈ దారిలో ఇంధనం బయటికి కారితే కంటికి కనిపిస్తుంది. గాలి లోపలికి దూరితే కనిపించదు. మనల్ని ఎక్కువగా ఏడిపించేది ఈ రెండోదే. నీడిల్ దాటే ద్రవంలో గాలి బుడగలు కలిస్తే ఇంధనం పాలు తగ్గి మిశ్రమం లీన్ అవుతుంది, అది కూడా బుడగ వచ్చినప్పుడొకలా, రానప్పుడొకలా.

ముందు జాగ్రత్త, కావలసిన సామాను

మిథనాల్ విషం. తాగితేనే కాదు, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ట్యాంకు లీకేజీ చూడటానికి ట్యూబును నోట్లో పెట్టుకుని ఊదే అలవాటు మైదానాల్లో బాగా కనిపిస్తుంది. అది మానేయాలి. మందుల షాపులో 50 మి.లీ. సిరంజి కొనుక్కోండి, ఈ వ్యాసంలోని పరీక్షలన్నీ దాంతోనే అవుతాయి. మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. వేడి సెగ తగిలితే మంట ఉందనే అనుకుని నీళ్లు ఎక్కువగా పోయండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ప్రొపెల్లర్ తిరిగే గీతకు ఎదురుగాగానీ పక్కనగానీ ఎవరూ నిలబడకూడదు. నీడిల్ సర్దేది వెనుక నుంచే, ముందు వైపు నుంచి ప్రొపెల్లర్ మీదుగా చేయి చాపకూడదు.

సిరంజి కాకుండా కావలసినవి: లోపలి వ్యాసం సుమారు 2.4 మి.మీ. ఉన్న కొత్త సిలికాన్ ట్యూబు ఒక మీటరు, బాగా పనిచేస్తుందని తెలిసిన గ్లో ప్లగ్ ఒకటి, సీలు తీయని ఇంధనం కొంచెం, గాజు గ్లాసు, నీళ్ల బకెట్, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు. ఇంజిన్ చుట్లు కొలిచే టాకోమీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా చెవి చాలు.

శబ్దం ఏం చెబుతోంది

ఇంధనం తక్కువైతే శబ్దం మొదట పదునెక్కుతుంది, తర్వాత ఇంజిన్ చుట్లు మెల్లగా పడిపోతాయి. పొగ తగ్గుతుంది. ఇంజిన్ విపరీతంగా వేడెక్కి, హఠాత్తుగా ఆగిపోతుంది. అలా ఆగిన వెంటనే మళ్లీ స్టార్ట్ చేయడం కూడా కష్టం. ఎక్కువైతే గరగరమంటుంది, ఒక పేలుడు విడిచి ఒక పేలుడు వస్తున్నట్టు మందంగా మోగుతుంది, సైలెన్సర్ నుంచి నూనె చిమ్ముతుంది.

త్రాటిల్ పూర్తిగా తెరిచి, మిత్రుడి చేత మోడల్ గట్టిగా పట్టించి, కార్బురేటర్‌కు దగ్గరగా ఇంధనం ట్యూబును వేళ్లతో ఒక్క క్షణం నొక్కి వదలండి. చుట్లు కాస్త పెరిగి వెంటనే యథాస్థితికి వస్తే మిశ్రమం కొంచెం రిచ్‌గా, అంటే ఇంధనం పాలు కాస్త ఎక్కువగా ఉంది, ఉండాల్సింది అలాగే. నొక్కగానే పడిపోతే ఇప్పటికే లీన్. చాలాసేపు పెరుగుతూనే ఉంటే బాగా రిచ్.

కొన్ని లక్షణాలు లోపం ఎక్కడుందో దాదాపు వేలు పెట్టి చూపిస్తాయి. నిండు ట్యాంకుతో చక్కగా నడిచి, సగమయ్యాక లీన్ అయిపోతుంటే ట్యాంకు లోపలి క్లంక్ ట్యూబుకు ఎక్కడో చిల్లు ఉన్నట్టు. ఇంధనం మట్టం ఆ చిల్లు కిందికి దిగేదాకా చిల్లు మునిగే ఉంటుంది, దిగాక గాలి పీలుస్తుంది. ముక్కు నేలకు గుద్దుకునేలా దిగిన తర్వాత మొదలైన సమస్య అయితే క్లంక్ ముందుకు మడతపడి అక్కడే ఇరుక్కుని ఉంటుంది. అప్పుడు నేల మీద అంతా బాగుంటుంది, నిలువుగా ఎక్కించగానే ఇంధనం వెనక్కి పోతుంది, క్లంక్ మాత్రం ముందు గాలి పీలుస్తూ ఉంటుంది. ఎన్ని క్లిక్కులు తిప్పినా నీడిల్ తేడా చూపకపోతే ట్యాంకును వదిలి కార్బురేటర్ అడుగునో, ఇంజిన్ కింది పెట్టె అయిన క్రాంక్‌కేసునో చూడాలి. నీడిల్ తెరిచినకొద్దీ మెరుగుపడి, నాలుగైదు చుట్లకూ లీన్‌గానే ఉంటే దారిలో ఏదో అడ్డం పడింది.

మొదటి మెట్టు: ఇంధనాన్నీ ప్లగ్‌నూ పక్కకు తప్పించండి

కొత్త ప్లగ్ వేయండి. సీలు తీయని సీసాలోని ఇంధనం పోయండి. ఈ రెండింటికీ ఐదు నిమిషాలు చాలు, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. స్టార్ట్ చేయడానికి ప్లగ్‌ను వేడిచేసే ఇగ్నైటర్ తీయగానే చుట్లు పడిపోతుంటే ప్లగ్ అరిగి ఉండాలి, లేదా ఐడిల్ (త్రాటిల్ దాదాపు మూసినప్పటి మెల్లటి నడక) మిశ్రమం రిచ్‌గా ఉండాలి. ప్లగ్ తీగ మసకబారినా, దాని మీద లోహపు రవ్వలు అంటినా దాన్ని పారేయండి.

విశాఖలో ఇంధనం విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన సముద్రపు గాలిలో తేమకు కరువు లేదు. నీళ్లు మిథనాల్‌లో పూర్తిగా కలిసిపోతాయి, అడుగున వేరే పొరగా కనిపించవు. అందుకే చూసి కనిపెట్టలేం. ఆముదం కలిపిన ఇంధనం మసకగా, పాలు విరిగినట్టు మారితే మాత్రం నీళ్లు చేరాయని గట్టిగా అనుమానించాలి. సగం ఖాళీ అయిన అయిదు లీటర్ల డబ్బాను జూన్ నుంచి అక్టోబరు దాకా ఇంట్లో ఉంచి, అదే ఇంధనంతో ఇంజిన్ ట్యూన్ చేయడం వృథా శ్రమ. మిగిలినదాన్ని చిన్న సీసాల్లో అంచుదాకా నింపి మూత బిగించండి. నైట్రోమీథేన్ ఉన్న ఇంధనానికి ఎండ కూడా పడదు, అల్మారాలో చీకట్లో పెట్టండి.

సొంతంగా కలుపుకునేవాళ్లు సాధారణంగా 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం వాడతారు. లీటరుకు 800 మి.లీ., 200 మి.లీ. ఇక్కడ ఆముదం ఏదైనా ఆముదమే అనుకుంటే ఫిల్టర్లు మూసుకుపోతాయి. గానుగ ఆముదంలో జిగురు, మడ్డి ఉంటాయి. వంటాముదంలో వాటికి తోడు నీటి తడి కూడా మిగిలి ఉంటుంది. జిగురు తీసిన, శుద్ధి చేసిన ఆముదమే కావాలి. సువాసన కలిపిన తల నూనెలు అసలే వద్దు. కలిపాక ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగున ఏదైనా పేరితే పై తేటను మాత్రమే సన్నటి ఫిల్టర్ గుండా వంపుకోండి.

రెండో మెట్టు: విప్పకుండానే ప్రవాహ పరీక్ష

ట్యాంకు సగం నింపండి. కార్బురేటర్ దగ్గర ఇంధనం ట్యూబు ఊడదీసి, దాని కొసను నీడిల్ ఎత్తులోనే ఉంచి గ్లాసులోకి పట్టండి. సైలెన్సర్ వైపు ట్యూబుకు సిరంజి తగిలించి మెల్లగా నొక్కండి. ధార తెగకుండా, బుడగలు లేకుండా రావాలి. ధార వస్తుండగానే మోడల్‌ను ముక్కు పైకి నిలబెట్టండి, పక్కలకు ఒరిగించండి, తలకిందులు చేయండి. ఏ భంగిమలో ధార తెగిందో గుర్తుపెట్టుకోండి. ముక్కు కిందికి పెట్టినప్పుడు సగం ట్యాంకుతో ధార తెగడం మామూలే, క్లంక్ ముందుకు అంతదూరం రాదు, దాన్ని లోపంగా లెక్కించకండి. ముక్కు పైకెత్తినప్పుడు తెగితే మాత్రం ట్యాంకు బయటికి తీయాల్సిందే.

ఎంత ధార చాలు అనే లెక్క కూడా ఉంటే మంచిది. 46 సైజు అంటే సుమారు 7.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్ పూర్తి త్రాటిల్‌లో నిమిషానికి ఇంచుమించు 30 మి.లీ. తాగుతుంది. సిరంజిని తేలిగ్గా నొక్కితే దానికి రెండు మూడింతలు సునాయాసంగా రావాలి. బలంగా నొక్కితేగానీ రాకపోతే అడ్డం ఉంది. ముందు ఫిల్టర్ తీసి చూడండి, ఆ తర్వాత క్లంక్. జల్లెడలాంటి క్లంక్‌లు ఆముదం మడ్డితో లోపలే బిగుసుకుపోతాయి.

మూడో మెట్టు: ట్యాంకు

ట్యాంకు బయటికి తీశాక మూడు ట్యూబులుంటే రెండు, రెండుంటే ఒకటి బిగించి మూయండి. మిగిలిన దానికి సిరంజి పెట్టి 20 మి.లీ. గాలి ఎక్కించి బకెట్ నీళ్లలో ముంచండి. మూత చుట్టూ బుడగలు వస్తే రబ్బరు మూత ముదిరింది, లేదా స్క్రూ చాలినంత బిగియలేదు. స్క్రూను మరీ బిగిస్తే రబ్బరు ఉబ్బి ట్యాంకు మెడ చీలుతుంది. ఆ చీలిక నీళ్లలో తప్ప కనిపించదు. పరీక్ష అయ్యాక ట్యాంకును మిథనాల్‌తో ఒకసారి కడిగి ఆరబెట్టండి, నీటి చుక్క మిగలకూడదు.

ఇప్పుడు మూతను గొట్టాలతో సహా బయటికి లాగండి. క్లంక్ కొసను వేలితో మూసి, ఇంధనం గొట్టం వైపు నుంచి గాలి నెడుతూ మొత్తాన్ని గ్లాసు నీళ్లలో ముంచండి. సూది మొనంత చిల్లు ఉన్నా ఇక్కడ బయటపడుతుంది. చిల్లు ఎక్కువగా ఇత్తడి గొట్టం అంచు ట్యూబును కోసే చోటే ఉంటుంది. గొట్టం కోసిన అంచును సన్నటి ఎమరీ కాగితంతో నున్నగా చేయకుండా ట్యూబు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. లోపలి ట్యూబును బాగున్నా బాగలేకపోయినా ఏడాదికోసారి మార్చేయడం మేలు.

తిరిగి అమర్చేటప్పుడు క్లంక్ ట్యాంకు వెనుక గోడకు 4 నుంచి 6 మి.మీ. దూరంలో ఆగాలి. గోడకు తగిలితే అక్కడే అతుక్కుని ఇంధనం పీల్చలేదు, మరీ పొట్టిగా ఉంటే చివరి ఇంధనం అందదు. ట్యాంకును చెవి దగ్గర పెట్టి అన్ని వైపులా తిప్పండి, క్లంక్ స్వేచ్ఛగా కొట్టుకుంటున్న టకటక వినిపించాలి. మెత్తటి ట్యూబు మరీ పొడవైతే మడతపడి ముందుకు పోయే ప్రమాదం ఉంది. దాన్ని ఆపడానికి ట్యూబు మధ్యలో చిన్న ఇత్తడి గొట్టం ముక్క దూర్చే పద్ధతి పాతదే గానీ బాగా పనిచేస్తుంది. పీడనం గొట్టాన్ని పైకి వంచి, ట్యాంకు పైకప్పుకు దాదాపు తగిలేలా ఉంచండి.

ట్యూబు సంగతి. అక్వేరియం దుకాణాల్లో దొరికే పారదర్శకమైన పీవీసీ ట్యూబు చౌక అని వాడతారు. మిథనాల్ తగిలి కొన్నాళ్లకు అది గట్టిపడి, గొట్టాల మీద వదులై గాలి పీలుస్తుంది. గ్లోకు సిలికాన్ మాత్రమే. పెట్రోలు ఇంజిన్‌కు సిలికాన్ పనికిరాదు, ఉబ్బి మెత్తబడిపోతుంది. ఈ రెండూ తారుమారు చేసి, తర్వాత కార్బురేటర్‌ను తప్పుపట్టేవాళ్లు తక్కువేం కాదు.

సైలెన్సర్ నుంచి వచ్చే పీడనం ట్యూబును కూడా ఇప్పుడే చూసేయండి. ట్యూబు తగిలించే మొన, అంటే నిపిల్‌లో మసి పేరుకుంటే సన్నటి డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పి శుభ్రం చేయండి. నిపిల్ వదులైనా, ట్యూబు వేడికి కాలి పగిలినా పీడనం పోతుంది, ఇంజిన్ లీన్ అవుతుంది.

నాలుగో మెట్టు: నీడిల్, కార్బురేటర్

కార్బురేటర్ విప్పి, ఇంధనం నిపిల్‌కు ట్యూబుతో సిరంజి తగిలించండి. నీడిల్ పూర్తిగా మూసి, కార్బురేటర్‌ను మిథనాల్ ఉన్న గ్లాసులో ముంచి గాలి నెట్టండి. నీడిల్ మర దగ్గర బుడగలు వస్తే లోపలి ఓ-రింగు పోయింది. కొత్త రింగు దొరికేదాకా నీడిల్ మర మీదుగా సిలికాన్ ట్యూబు ముక్క బిగుతుగా తొడిగినా ఆగుతుంది. నిపిల్ మొదట్లో బుడగలు వస్తే వాషర్ మార్చండి. ఆ తర్వాత నీడిల్‌ను మూడు చుట్లు తెరిచి, సిరంజితో ఇంధనం నెట్టి స్ప్రే బార్ నుంచి సన్నటి ధార సమంగా వస్తోందా చూడండి. పక్కకు చిమ్మినా, ఆగి ఆగి వచ్చినా లోపల చెత్త ఉంది.

నీడిల్ కొస వంకరగా ఉందేమో చదునైన గాజు మీద దొర్లించి చూడండి. దాన్ని గట్టిగా బిగించి మూసే అలవాటు ఉన్నవాళ్ల కార్బురేటర్లలో నీడిల్ కూర్చునే చోట గాడి పడుతుంది, ఇక ఏ అమరికా నిలవదు. ఆముదం వార్నిష్‌లా అంటుకుని ఉంటే భాగాలను ఒక రాత్రి మిథనాల్‌లో నానబెట్టండి. అసిటోన్ వాడాల్సి వస్తే ఓ-రింగులన్నీ ముందు తీసేయాలి, లేకపోతే ఉబ్బి పాడవుతాయి. సూది, తీగలాంటివి స్ప్రే బార్ రంధ్రంలోకి దూర్చవద్దు. ఆ రంధ్రం కొలత మారితే కార్బురేటర్ పోయినట్టే.

కార్బురేటర్ అడుగున ఇంజిన్‌కు ఆనే చోట ఒక రబ్బరు రింగు ఉంటుంది. విప్పినప్పుడల్లా అది చదునుగా నలిగిందా, పగిలిందా చూడాలి. బిగించేటప్పుడు కార్బురేటర్‌ను కిందికి నొక్కి పట్టుకుని స్క్రూలు బిగించండి. ఇక్కడ గాలి పీలుస్తున్నదీ లేనిదీ ఇంజిన్ నడుస్తుండగా తేల్చుకోవచ్చు. ఐడిల్‌లో ఉంచి, వెనుక వైపు నుంచి సిరంజితో కార్బురేటర్ మొదట్లో ఒకటి రెండు చుక్కల నూనె వేయండి. చుట్లు మారితే లీకు అక్కడే. క్రాంక్‌కేసు వెనుక ప్లేటు అంచుకూ ఇదే పరీక్ష. దాని నాలుగు స్క్రూలనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. గాస్కెట్ చినిగితే మార్చాలి. ముందు బేరింగు నుంచి ఇంధనం ఎక్కువగా కారుతూ, ఐడిల్ ఎప్పుడూ కుదురుగా లేకపోతే బేరింగు అరిగింది. ఉప్పు గాలి ఊళ్లో ఇది మామూలు కన్నా ముందే వస్తుంది. అందుకే రోజు ముగిశాక ట్యూబు తీసేసి, ఇంజిన్‌లో మిగిలిన ఇంధనం అయిపోయేదాకా నడిపి, కార్బురేటర్‌లోనూ ప్లగ్ రంధ్రంలోనూ కొన్ని చుక్కల నూనె వేసి చేత్తో తిప్పాలి.

ట్యాంకు ఎత్తు

లీకులన్నీ మూసినా ట్యాంకు ఉన్న ఎత్తు తప్పైతే ఇంజిన్ మళ్లీ ఇబ్బంది పెడుతుంది. ట్యాంకు మధ్యగీత నీడిల్ మట్టానికి సమానంగా గానీ, 10 మి.మీ. మించకుండా కిందికి గానీ ఉండాలి. మరీ పైన ఉంటే మోడల్ నిలబడి ఉన్నప్పుడే ఇంధనం సైఫన్ అయి ఇంజిన్‌లోకి కారుతుంది. అలా నిండిన ఇంజిన్‌కు స్టార్టర్ పెడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ప్లగ్ తీసి ఇంధనం వంచేసిన తర్వాతే తిప్పాలి. మరీ కింద ఉంటే మామూలుగా ఎగిరేటప్పుడు లీన్, తలకిందులుగా రిచ్. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు ఈ విషయంలో ఇంకా సున్నితం, వాటికి మిల్లీమీటర్లు కూడా లెక్కే.

ట్యాంకును నేరుగా చెక్కకు ఆనించకండి. కింద, పక్కల 5 నుంచి 10 మి.మీ. మెత్తటి ఫోమ్ ఉండాలి. ఇంజిన్ కంపనం ట్యాంకుకు అందితే ఇంధనం నురగ కడుతుంది. నేల మీద బుడగలు లేకుండా ఉండి, ఒకానొక చుట్ల దగ్గర మాత్రమే ట్యూబులో సన్నటి నురుగు కనిపిస్తే కారణం ఇదే. ప్రొపెల్లర్ బ్యాలెన్స్ కూడా చూసుకోండి. ఫోమ్‌ను బిగుతుగా కూరితే అది చెక్కలాగే పనిచేస్తుంది, ఉన్నా లేనట్టే.

ఇప్పుడు నీడిల్

అన్ని లీకులూ సరిచేశాక, కాగితం మీద రాసుకున్న పాత అంకెను మర్చిపోండి. అది లీకుతో కుదిరిన అంకె. ముందు 2.5 నుంచి 3 చుట్లు తెరిచి మొదలుపెట్టండి.

1. ఇంజిన్‌ను ఒక నిమిషం రిచ్‌గానే నడిపి వేడెక్కనివ్వండి. చల్లటి ఇంజిన్‌కు నీడిల్ సర్దితే వేడెక్కాక లీన్ అవుతుంది.

2. పూర్తి త్రాటిల్‌లో క్లిక్కు తర్వాత క్లిక్కు మూస్తూ పోండి. ప్రతి క్లిక్కుకూ నాలుగైదు సెకన్లు ఆగాలి, ఇంజిన్ స్పందన వెంటనే రాదు. చుట్లు గరిష్ఠానికి చేరాక ఇంకా మూయకుండా వెనక్కి తెరిచి, ఇంజిన్ వేగాన్ని నిమిషానికి 300 నుంచి 500 చుట్లు తగ్గించండి.

3. మోడల్ ముక్కును నిలువుగా పైకెత్తండి. చుట్లు కొంచెం పెరిగి నిలిస్తే సరిపోయింది. పెరిగి పడిపోతే ఇంకో రెండు క్లిక్కులు తెరవండి.

4. ఐడిల్‌కు తెచ్చి పది పదిహేను సెకన్లు ఉంచి, త్రాటిల్ ఒక్కసారి తెరవండి. గొంతు పూడుకుపోయినట్టు ఆగి, పొగ చిమ్మి, తర్వాత అందుకుంటే ఐడిల్ రిచ్. ఏ శబ్దమూ లేకుండా ఠక్కున ఆగితే ఐడిల్ లీన్.

ఐడిల్ స్క్రూ తిప్పే ముందు కార్బురేటర్ ఏ రకమో చూసుకోండి. రెండు నీడిళ్ల రకంలో స్క్రూను కుడివైపు తిప్పితే ఇంధనం తగ్గి లీన్ అవుతుంది. ముందువైపు చిన్న గాలి రంధ్రం ఉన్న రకంలో కుడివైపు తిప్పితే ఆ గాలి తగ్గి రిచ్ అవుతుంది. పక్కవాడు చెప్పినట్టు తిప్పి ఇంకా చెడగొట్టుకోవడం ఇక్కడే జరుగుతుంది. ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు మించి తిప్పకండి. ఐడిల్ మార్చాక ప్రధాన నీడిల్‌ను ఇంకోసారి సరిచూసుకోవాలి.

అమరిక ఒకసారి కుదిరితే ఎప్పటికీ అదే కాదు. మే మధ్యాహ్నపు ఉక్కలో గాలి పలచన, అందులో ఆవిరి ఎక్కువ. జనవరి తెల్లవారుజామున గాలి చల్లగా చిక్కగా ఉంటుంది, ఇంధనం ఎక్కువ కావాలి. అంటే వేసవిలో పెట్టిన నీడిల్ చలికాలం ఉదయానికి లీన్. మోడల్‌ను అరకు తీసుకెళ్తే ఇంకో తేడా. అక్కడ ఎత్తు సుమారు 900 మీటర్లు, గాలి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు పదో వంతు పలచన. విశాఖ అమరిక అక్కడ రిచ్‌గా తోస్తుంది, కొన్ని క్లిక్కులు మూయాలి. దిగివచ్చాక మళ్లీ తెరవడం మర్చిపోతే ఇంజిన్ కాలిపోతుంది.

బీచ్ ఇసుకలో ఇంజిన్ నడపకపోవడమే మంచిది. ప్రొపెల్లర్ గాలికి లేచిన సన్న ఇసుక నేరుగా కార్బురేటర్‌లోకే పోతుంది. తప్పనిసరైతే మోడల్ కింద తడి గోనెపట్టా పరచండి. బెంచ్ మీద నడపడం వేరు, ఎగరేయడం వేరు. విశాఖలో నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది, ఊళ్లో చాలా భాగం నిషిద్ధ లేదా నియంత్రిత గగనతలం. బయల్దేరే ముందు డీజీసీఏ వారి గగనతల పటం డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి.

తీగ కట్టి తిప్పే మోడళ్లు

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లు ఎక్కువగా చేతిలోకి తీసుకునేవి కంట్రోల్ లైన్ మోడళ్లే. వీటిలో ఇంధనం తిరుగుడు బలానికి బయటి గోడకు పోతుంది, కాబట్టి ఇంధనం పీల్చే గొట్టం వృత్తానికి బయటివైపు గోడను ఆనుకునే ఉండాలి. ట్యాంకు ఎత్తును ఇక్కడ గడియారంతోనే తేల్చవచ్చు. మామూలుగా ఎగిరేటప్పుడు ఒక చుట్టుకు పట్టే సమయం, తలకిందులుగా ఎగిరేటప్పుడు పట్టే సమయం పోల్చండి. తలకిందులుగా వేగం ఎక్కువైతే అప్పుడు ఇంజిన్ లీన్ అవుతోంది, ట్యాంకు ఎక్కువ ఎత్తులో ఉంది, 1.5 మి.మీ. వాషరు మందం మేర దించండి. మామూలుగా ఎగిరేటప్పుడే వేగం ఎక్కువైతే అంతే మేర ఎత్తండి.

పెట్రోలు ఇంజిన్ అయితే

20 సీసీ, 30 సీసీ పెట్రోలు ఇంజిన్లలో కార్బురేటర్‌లోనే పొరతో నడిచే చిన్న పంపు ఉంటుంది. క్రాంక్‌కేసు పీడనం ఎగుడుదిగుళ్లతో ఆ పొర కదులుతుంది. కాబట్టి ఇక్కడ ట్యాంకు ఎత్తు పెద్ద సమస్య కాదు, వెతకాల్సిన చోట్లు వేరు.

కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య గాస్కెట్‌ను తిరగేసి బిగిస్తే పీడనం వచ్చే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. ఇంజిన్ రెండు సెకన్లు నడిచి ఆగుతుంది, చోక్ వేస్తే మళ్లీ రెండు సెకన్లు. ముందు దాన్ని చూడండి. తర్వాత పంపు వైపు మూత తీస్తే లోపల రూపాయి బిళ్లకన్నా చిన్న జల్లెడ ఉంటుంది, అది మూసుకుపోవడం చాలా మామూలు. ఆపైన పొరలు. మెత్తగా, వంగేలా ఉండాల్సినవి గట్టిపడి గలగలమంటే కిట్ మార్చండి. విప్పేటప్పుడు గాస్కెట్, పొర ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకుంటే తిరిగి పెట్టేటప్పుడు తడబాటు ఉండదు.

పెట్రోలు బంకుల్లో ఇప్పుడు పోసేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాగుతుంది, పొరలను త్వరగా ముదరబెడుతుంది. మీ పెట్రోల్లో ఎంత ఉందో ఇంట్లోనే కొలవచ్చు. కొలగాజులో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. నూనె కలపని పెట్రోలు పోసి, మూసి, బాగా కుదిపి పది నిమిషాలు వదిలేయండి. ఇథనాల్ నీటిలోకి దిగుతుంది. అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, 28 దగ్గరికి వస్తే దాదాపు 20 శాతం ఉంది. ఈ పరీక్ష ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయండి. మంట అంటుకుంటే పెట్రోలు మీద నీళ్లు పోయకూడదు, పొడి రకం అగ్నిమాపకం దగ్గర పెట్టుకోవాలి.

నేల మీద చక్కగా ఉండి, వేగంగా ఎగిరేటప్పుడు మాత్రమే మిశ్రమం మారిపోయే పెట్రోలు ఇంజిన్‌లో పొర మూత మీది చిన్న రంధ్రాన్ని చూడండి. ఇంజిన్ మీది తొడుగు, అంటే కౌలింగులోకి దూసుకొచ్చే గాలి ఆ రంధ్రం మీద పడి పొరను నొక్కుతుంది, ఇంధనం పెరుగుతుంది. అదే గాలి రంధ్రం పక్కగా దూసుకుపోతే పొరను పైకి లాగుతుంది, ఇంధనం తగ్గుతుంది. ఆ మూతకు సన్నటి ఇత్తడి గొట్టం అతికించి, ట్యూబుతో మోడల్ పొట్టలోకి, గాలి నిలకడగా ఉండే చోటికి తీసుకెళ్తే రెండు బాధలూ తప్పుతాయి. అతికించే ముందు మూతను కార్బురేటర్ నుంచి విప్పి తీయండి. మూత బిగించి ఉండగా అతికిస్తే జిగురు రంధ్రం గుండా జారి పొరకు అంటుకుంటుంది.